దొర కాదు, దోర

పోయిన వారం కోడల్ని మనం పొయ్యి ముందే వదిలేసి వచ్చాం. చేతిలో గరిటె, చంకలో చంటిది, గుమ్మంలో దర్జీ అక్క. "పై సోమవారం నుంచి వస్తావా రావా, ఈలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పు. నీ కుట్టు నాకు నచ్చింది. పిల్లని కూడా తెచ్చుకో, మిషన్ల వెనక మూలన ఉయ్యాల కడతాను" అని దర్జీ అక్క అడగడం, లోపల్నుంచి అత్తగారు "అమ్మాయ్, అడుగంటుతోంది!" అని కేకేయడం ఒక్కసారే జరిగాయి. కోడలు పొయ్యి వైపు పరిగెత్తింది. చెప్పాల్సిన జవాబు గుమ్మంలోనే ఉండిపోయింది.

వెళ్ళాలని లేక కాదు. వెళ్ళనిచ్చేవి కావు ఆ క్యాన్లు.

ఆ ఇంట్లో పొద్దున్నే రెండు పెద్ద స్టీలు క్యాన్లు నిండాలి. ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో కూర. అవి నిండి మెట్లు దిగితే గానీ ఇంట్లో ఎవరి కంచంలోనూ మెతుకు పడదు. వాటికి 'ఆసుపత్రి గిన్నెలు' అని పేరు. చంటిది పొత్తిళ్ళలో ఉండగా జ్వరమొచ్చి ఫిట్స్ పడింది. ఆసుపత్రి వరండాలో కోడలు గోడకి చేరగిలబడి ఏడవడానికి కూడా ఓపిక లేకుండా కూర్చుంటే, అత్తగారు నలుగురూ వినేలా చేతులెత్తి అంది: "ఈ గండం గడిస్తే మా కోడలి చేత రోజూ వండించి ఇక్కడున్న వాళ్ళకి పెట్టిస్తాను. ఇది నా మాట."

గండం గడిచింది. మాట మాత్రం కోడలి మెడకి చుట్టుకుంది. ఒకసారి ఆమెకే ఒళ్ళు తెలియని జ్వరమొచ్చి క్యాన్లు నిండలేదు. ఆ సాయంత్రం చంటిది రెండుసార్లు దగ్గింది. "చూశావా?" అంది అత్తగారు. ఇంకో మాట అనలేదు. అనక్కర్లేకపోయింది.

అందుకని ఈ వారం కూడా ఎప్పటిలాగే మొదలైంది. సోమవారం బంగాళదుంపలు. చంటిది కాళ్ళకి అడ్డం పడుతుంటే బల్ల కోడుకి దుప్పటి కట్టి, ఆ గూట్లో కూర్చోబెట్టి, ఒక గిన్నె, ఒక చెంచా ఇచ్చి దుంపలు తరిగింది కోడలు. అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వంట చేసింది. అంటే నోటితో.

"ముక్కలు ఒకే సైజులో రానీ అమ్మాయ్. మొన్న పెద్దా చిన్నా వచ్చాయన్నారు."

"ఎవరన్నారు అత్తయ్యా?"

"రోగుల వాళ్ళు."

మంగళవారం చేప. "కరకరలాడాలి. మెత్తబడితే తినరు." బుధవారం గుడ్లు. "ఉప్పు ఒక రవ్వ తగ్గించు. నూనె పైకి తేలితే చూడ్డానికి బాగుంటుంది." కోడలికి నవ్వొచ్చింది. మంచాల పక్కన కునుకు లేకుండా కూర్చునే వాళ్ళకి ఇన్ని వంకలెలా తోస్తాయో! తను ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఎవరేం పెట్టారో, అది తీపో కారమో కూడా గుర్తులేదు. అదే మాట అంటే అత్తగారు "పెట్టేటప్పుడు మంచిది పెట్టాలి. ముష్టి వేసినట్టు పెడితే పుణ్యం అంటదు" అంది. ఆ మాటా నిజమేననిపించింది. అత్తగారి మాటల్తో వచ్చిన చిక్కే అది. ప్రతిదీ నిజంలాగే ఉంటుంది.

ఏ రోజు ఏది వండినా పక్కన ఒక కూర మాత్రం ఖాయం. దోర కూర. దాని పుట్టుక ఒక పొరపాటు. కోడలు పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ పెరట్లో బట్టలారేస్తూ, "టమాటాలు దోరగా వేయించవే!" అని కేకేసింది. కొంచెం రంగు తిరిగేదాకా వేయించమని ఆవిడ ఉద్దేశం. పిల్లకి 'దోరవి వేయించు' అని వినపడింది. బుట్టలో పండినవన్నీ పక్కకి నెట్టి, ఒక చెంప ఆకుపచ్చగా ఒక చెంప ఎర్రగా ఉన్న సగం పండిన కాయల్నే ఏరి వేయించింది. తల్లి తిని, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "బాగానే ఉందే నీ దోర కూర" అంది. కరిగిపోకుండా పంటికింద చిటుక్కుమని పులుపు చిమ్మే ఆ ముక్కలు తల్లీకూతుళ్ళిద్దరి మధ్య ఒక వేళాకోళం. ఆ పేరు పుట్టింట్లో పుట్టి, అత్తింటికి ఆమెతోనే వచ్చింది. మధ్యలో ఇంకో ఇల్లు దానికి తెలియదు.

కోడలు భర్త లిఫ్టు మెకానిక్కు. లిఫ్టుల్లో ఇరుక్కుపోయిన వాళ్ళని బయటికి లాగడం ఆయన పని. ఇంట్లో ఎవరైనా ఇరుక్కున్నారేమోనని మాత్రం ఆయనకెప్పుడూ అనుమానం రాలేదు. పొద్దున్నే రెండు చేతుల్తో రెండు క్యాన్లూ పట్టుకుని మెట్లు దిగి, కింద ఆగిన వ్యానులో పెట్టి, తనూ అందులోనే ఎక్కి, అటునుంచటే పనికి పోతాడు. మంచివాడే. మంచివాడేనని కోడలు రోజూ ఒకసారి తనకి తను చెప్పుకుంటుంది.

శుక్రవారం బీన్స్ ఒలుస్తుంటే ఆయన పక్కకొచ్చి కూర్చున్నాడు. కోడలు ధైర్యం చేసింది.

"ఏవండీ, మనం బయట తిని ఎన్నాళ్ళైంది?"

"ఎందుకు, ఇంట్లో కూరలు బాలేవా?" అని నవ్వాడు.

"ఇంకొకళ్ళు వండితే కూర్చుని తినాలనుంది. అంతే. ఏదైనా సరే. మాడినా సరే."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఏం కనిపించిందో ఏమో, "ఆదివారం పోదాం. స్టేషన్ దగ్గర నూడుల్స్ కొట్టుంది, బాగుంటుంది" అన్నాడు. మనసులో కోడలు అనుకున్నది ఇంకోటి. అక్కడ కూర్చుని, కడుపు నిండాక, ఉద్యోగం సంగతి ఎత్తుతుంది. క్యాన్లు మానకుండానే ఏదైనా దారి దొరుకుతుందేమో అడుగుతుంది. సోమవారం జవాబివ్వాలి మరి. దర్జీ అక్క ఇంకెన్నాళ్ళు ఆగుతుంది?

ఆదివారం క్యాన్లు వెళ్ళిపోయాక స్నానం చేసి, ఎన్నాళ్ళకో తల నున్నగా దువ్వుకుంది. చంటిదాన్ని అత్తగారు లాక్కున్నంత పని చేసింది. "దీన్ని నా దగ్గర వదిలేసి హాయిగా తిని రండి. ఇద్దరే వెళ్తే తిన్నట్టుంటుంది." పిల్ల నాన్నమ్మ ముక్కు పట్టుకుని కిలకిల నవ్వింది. కోడలు మెట్లు దిగుతూ మూడుసార్లు వెనక్కి చూసింది.

నూడుల్స్ కొట్టు మూసి ఉంది. గోడలకి సున్నం వేస్తున్నారు.

"సరే, ఇంటికి పోదామా?" అన్నాడు ఆయన. ఆ మాట నోట్లో ఉండగానే వాన మొదలైంది. మామూలు వాన కాదు, కుండపోత. ఇద్దరూ పరిగెత్తి రెండు వీధులవతల ఒక హోటల్ చూరు కింద దూరారు. లోపల దీపాలు, వేడి, నలుగురు కూర్చుని తింటున్న చప్పుడు. కోడలికి ప్రాణం లేచొచ్చింది.

"ఇక్కడే తినేద్దామండీ."

"ఇక్కడా? వద్దు వద్దు. ఇక్కడ బాగోదు."

"మీరెప్పుడైనా తిన్నారా?"

"తినలేదు. విన్నాను."

"ఏం విన్నారు?"

"అదే... బాగోదని."

లిఫ్టు ఎంతమందిని మోస్తుందో చూడగానే చెప్పగల మనిషి ఇంత చిన్న ప్రశ్నకి నీళ్ళు నమలడం కోడలికి వింతగా తోచింది. కానీ వాన చూరు కిందికి కూడా కొడుతోంది. తలుపు ఆమే తోసింది.

ఆయన ఆమెని గోడకి వీపు ఆనేలా కూర్చోబెట్టి, ఎదురుగా తను కూర్చున్నాడు. వెయిటర్ వచ్చి నీళ్ళు పెట్టి గుక్క తిప్పుకోకుండా మొదలెట్టాడు. "సూపుంది, రొట్టె ఉంది, కోడి వేపుడుంది, ఇవాళ స్పెషల్..."

"రెండు సూపు, రొట్టె. చాలు" అన్నాడు ఆయన.

"స్పెషల్ వినండి సార్. దాని కోసమే వస్తారు ఇక్కడికి. దొర కూర!"

కోడలు నవ్వేసింది. "దొర కూరా? అదేంటి?"

"పూర్వం దొరలు తినేవాళ్ళటమ్మా. మేడల్లో వండేదట. ఇప్పుడు ఎవరికీ చేతకాదు. మాకు ఒక పెద్దావిడ ఇంట్లో వండి పంపిస్తుంది."

"అయిపోయుంటుందిలే" అన్నాడు ఆయన.

"అయిపోలేదు సార్, ఇప్పుడే వేడి చేశారు."

"తెండి" అంది కోడలు. "దొరలు తిన్నది మనం తినకూడదా ఏంటి?"

కూర వచ్చింది. తెల్లటి పింగాణీ గిన్నెలో, పైన పచ్చటి ఆకు తుంచి వేసి, పొగలు కక్కుతూ. చూడ్డానికి ముద్దుగా ఉంది. రొట్టె తుంచి, ముంచి, నోట్లో పెట్టుకుంది. పంటికింద చిటుక్కుమంది.

ఇంకో ముక్క తీసింది. నోట్లో పెట్టలేదు. వేళ్ళతో పట్టుకుని దీపం వెలుగులో తిప్పి చూసింది. ఒక చెంప ఆకుపచ్చ. ఒక చెంప ఎరుపు.

ఇంట్లో క్యాన్లు నిండి వెళ్ళాక, గిన్నె అడుగున మిగిలింది రొట్టెతో గీరి, చల్లారాక, చంటిదాన్ని ఒక చేత్తో ఆపుకుంటూ నిలబడి తినేది. తన కూర తను వేడిగా, కూర్చుని, ఒకరు వడ్డిస్తే తినడం ఇదే మొదలు. బాగుంది. చాలా బాగుంది. అందుకే గొంతు దిగలేదు.

"దొర కాదు" అంది నెమ్మదిగా. "దోర."

ఆయన రొట్టె వైపు చూస్తున్నాడు.

"ఏవండీ, ఇటు చూడండి. ఆసుపత్రి ఇదేనా?"

"మెల్లగా మాట్లాడు. అందరూ చూస్తున్నారు."

"అందరూ తింటున్నారు. చూడ్డం లేదు. మీరు చెప్పండి."

ఆయన గ్లాసు అందుకున్నాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ తాగాడు. "మొదట్లో నిజంగానే ఆసుపత్రికే వెళ్ళేవి. ఒట్టు. కొన్నాళ్ళకి అక్కడ వేరే ఎవరో పెడుతున్నారు, అక్కర్లేదన్నారు. అప్పటికే ఈ హోటలాయన అక్కడ ఆ కూర తిని ఉన్నాడు. అమ్మని అడిగాడు. అమ్మ..."

"అక్కర్లేదన్నారా? మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మానేస్తావని."

అంత సూటిగా చెబుతాడని ఆయనే అనుకున్నట్టు లేదు. చెప్పేశాక మొహం పాలిపోయింది. ఆమె ఒకటే లెక్క వేసుకుంటోంది. ఆసుపత్రికి అన్నం వెళ్ళడం ఎప్పుడో ఆగిపోయింది. చంటిది బాగానే ఉంది. అంటే, పిల్లని కాపాడుతున్నది క్యాన్లు కాదు. ఆ ఆలోచన ఎంత తేలిగ్గా ఉందంటే, ఎక్కడ చేయి జారి పడిపోతుందోనని గట్టిగా పట్టుకుంది.

అంతలో గల్లాపెట్టె దగ్గర్నుంచి హోటలాయన చేతులు చాపుకుంటూ వచ్చాడు. పొట్టా, నవ్వూ రెండూ ఆయనకంటే ముందే వచ్చాయి.

"ఏంటి మెకానిక్కు గారూ, ఇవాళ చేతిలో క్యాన్లు లేకుండా వచ్చారు! ఈవిడ మీ ఇంటావిడా? రండమ్మా, రండి. మీ అత్తగారి పేరు చెప్పుకుని నాలుగు మెతుకులు తింటున్నాం. అదుగో, చూశారా?"

కోడలు వెనక్కి తిరిగింది. తన తల పైనే, గోడ మీద, పెద్ద ఫోటో. అత్తగారు నవ్వుతూ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. కింద రంగు అక్షరాలు: 'అమ్మ చేతి వంట'. ఆ గరిటె తనది. కాడ వదులైతే తనే నల్లదారం చుట్టింది. ఫోటోలో ఆ దారం కూడా పడింది.

"పెద్దావిడ ఈ వయసులో ఒంటిచేత్తో ఇంత చేస్తుందంటే మాటలు కాదమ్మా" అన్నాడు హోటలాయన. మళ్ళీ గొంతు తగ్గించి, ఓదార్పుగా, "మీకు వంట అబ్బలేదని ఆవిడ చెప్పింది లెండి. దానికేముంది, అందరికీ అన్నీ రావుగా. మీరు పిల్లని చూసుకుంటున్నారు, అదే పదివేలు."

కోడలు ఆయన మొహంలోకి చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియని చోట నిలబడితే మనిషికి ఒక్కోసారి గొంతు చాలా మామూలుగా వస్తుంది.

"అవునండీ. నాకు రాదు" అంది. "అన్నట్టు, ఆ కూరలో టమాటాలు ఎందుకలా పచ్చిపచ్చిగా ఉంటాయో ఆవిడ మీకు చెప్పిందా?"

"దొరల పద్ధతటమ్మా."

"దొరలు కాదండీ. దోర కాయలు. మా అమ్మ దోరగా వేయించమంటే నేను దోరవి వేయించాను. నా పదేళ్ళప్పటి తప్పది. మీరు స్పెషల్ అని అమ్ముకుంటున్నారు."

వెయిటర్ పళ్ళెం పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. హోటలాయన నవ్వు పొట్ట దాకా జారి ఆగింది. ఆయన మెకానిక్కు వైపు చూశాడు. మెకానిక్కు బల్ల వైపు చూశాడు. అది చూసి హోటలాయనకి సంగతి అర్థమైంది. కానీ వ్యాపారం చేసే మనిషి, తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"సరేనమ్మా, ఎవరు వండితే ఏంటి, ఇల్లొక్కటేగా! ఇంకా మంచిదే. రేపట్నుంచి మార్కెట్ వీధిలో రెండో కొట్టు తెరుస్తున్నాను. ఇక నుంచి నాలుగు క్యాన్లు. పెద్దావిడ ఎప్పుడో ఒప్పేసుకుంది. మీ వంటింట్లో పెద్ద పొయ్యి కూడా పెట్టిస్తున్నా. రేపు పొద్దున్నే మనుషులొస్తారు."

నాలుగు. కోడలికి వంటిల్లు కళ్ళముందు కదిలింది. పెద్ద పొయ్యి పెడితే దుప్పటి గూటికి చోటుండదు. చంటిది ఎక్కడ కూర్చుంటుంది? అత్తగారి ఒళ్ళో. ఎప్పుడూ అత్తగారి ఒళ్ళోనే. ఇంక దర్జీ అక్క గుమ్మం దాకా వచ్చినా, పొయ్యి దాటి వెళ్ళి ఆమెతో మాట్లాడే తీరిక కూడా ఉండదు.

"రేపు ఎవర్నీ పంపకండి" అంది.

"అదేంటమ్మా?"

"రేపు నేను పొయ్యి వెలిగించను. నాలుగూ రావు, రెండూ రావు. రేపు నేను పనిలో చేరుతున్నాను."

ఆ మాట పైకి అన్నాక గానీ ఆమెకి తెలియలేదు, ఇన్నాళ్ళూ దాన్ని మనసులో కూడా అనుకోవడానికి భయపడిందని. కానీ పైకప్పు కూలలేదు. పక్క బల్ల వాళ్ళు ఇంకో రొట్టె అడిగారు.

"ఒక్క నిమిషం" అని ఆయన లేచాడు. తలుపు తోసుకుని చూరు కిందికి వెళ్ళాడు. అద్దం మీద వాన కారుతున్నా కోడలికి కనపడుతూనే ఉంది. వీపు ఇటు, మొహం అటు, చెవి దగ్గర ఫోన్. హోటలాయన ఏదో సర్దిచెబుతున్నాడు. ఆమెకి ఒక్క మాటా ఎక్కడం లేదు.

ఆయన లోపలికి వచ్చి కూర్చునేలోపే ఆమె ఫోన్ మోగింది. అత్తగారు.

"అమ్మాయ్, ఎక్కడున్నారు? పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. కళ్ళు తేలేస్తోంది. ఏం అన్నావే తల్లీ అక్కడ కూర్చుని? ఏం నోరు జారావు?"

కోడలు భర్త వైపు చూసింది. "మీరెవరితో మాట్లాడారు?"

"పనివాళ్ళతో. లిఫ్టు ఏదో ఆగిందట" అన్నాడు. కళ్ళు కలపలేదు.

అబద్ధం. ఇద్దరిదీ అబద్ధమే. అది ఆమెకి తెలుసు. తన చెయ్యి తనకి తెలిసినంత బాగా తెలుసు. కానీ కాళ్ళకి ఆ తెలివితో పని లేదు. అవి అప్పటికే లేచి, తలుపు తోసి, వానలో పడ్డాయి. వెనక భర్త పిలుస్తున్నాడు. చెప్పు తెగితే అక్కడే వదిలేసింది. మలుపు దగ్గర ఒక కారు కీచుమని ఆగి డ్రైవరు తిట్టాడు. ఆమె పరిగెడుతూనే ఒకటే గొణుక్కుంటోంది: 'మా అత్తయ్య అబద్ధమే ఆడుతుండాలి. భగవంతుడా, ఆవిడ అబద్ధమే ఆడుతుండాలి.'

తలుపు తీసే ఉంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. తన అడుగుల చప్పుడు మెట్ల మీద వినపడగానే కేరింతలు కొట్టే పిల్ల ఇవాళ కేరింత కొట్టలేదు. కిటికీ పక్క కుర్చీలో అత్తగారు, ఒళ్ళో రెండు దుప్పట్లలో చుట్టిన చంటిది. కళ్ళు మూసి ఉన్నాయి. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. జ్వరానికా, దుప్పట్ల ఉక్కకా?

కోడలు మోకాళ్ళ మీద కూలబడి పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టింది. వేడిగా తగిలింది. కానీ వానలో అంత దూరం తడిసి బిగుసుకుపోయిన చేతికి ఏ ఒళ్ళయినా వేడిగానే తగులుతుంది. చెయ్యి తిప్పి పెట్టింది. ఏమీ తేలలేదు.

అత్తగారు తొందరపడలేదు. పిల్ల వీపు నిమురుతూ, ఎంతో ప్రేమగా అడిగింది.

"ఇప్పుడు చెప్పమ్మా. రేపు పొయ్యి వెలిగిస్తావా, మానేస్తావా?"

కోడలు పెదాల మీది వాన నీళ్ళు పిల్ల దుప్పటి అంచుకేసి గట్టిగా తుడుచుకుంది. చేతికి తెలియకపోతే పెదాలకి తెలుస్తుంది. అత్తగారి చెయ్యి అడ్డం రాబోతుంటే, దాన్ని పక్కకి నెట్టి, పిల్ల నుదుటి మీదికి వంగింది.